గోడపొయ్యి ముందు నేల

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి ఇంటి నేల పరిచే పనితో ఏం సంబంధమని మీరు అడగవచ్చు. ఈ వేసవి సెలవుల్లో నన్ను నేనే చాలాసార్లు అడిగాను. అప్పుడు నేను అమెరికాలో, ఓహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లండు నగరం శివార్లలో, మా తమ్ముడి ఇంటి హాల్లో మోకాళ్ల మీద వంగి వున్నాను. చెవి మీద పెన్సిలు, చేతిలో రబ్బరు సుత్తి. ఎదురుగా ఇటుకలతో కట్టిన పొయ్యి. ఆ పొయ్యికి ఆ పక్క మా తమ్ముడు, ఈ పక్క నేను. కిటికీ దగ్గర కుర్చీలో మెంతికూర గిల్లుతూ మా అమ్మ.

అసలు నేను వెళ్లింది నేల పరచడానికి కాదు. అమ్మను తీసుకురావడానికి.

మూడేళ్ల క్రితం నాన్న పోయిన తరువాత తమ్ముడు అమ్మను తన దగ్గరికి తీసుకువెళ్లాడు. "నీ దగ్గర ఇన్నాళ్లు వుంది గదా అన్నయ్యా, ఇక నా వంతు" అన్నాడు. సరే అన్నాను. ఈ ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి వాళ్ల హాల్లో పొయ్యి దగ్గర తివాచీ అంచు కాలికి తగిలి అమ్మ పడిపోయింది. ఎడమ మణికట్టు ఎముక చిట్లింది. ఆ సంగతి నాకు తెలిసింది నాలుగు రోజుల తరువాత. నేను కోపంగా ఒక మాట అన్నాను. వాడు అంతకన్న కోపంగా మరో మాట అన్నాడు. ఏప్రిల్ నెలాఖరుకి నేను విమానం టిక్కెట్టు కొన్నాను, నాకు రానూ పోనూ, అమ్మకు రావడానికి మాత్రం. ఈ రెండో టిక్కెట్టు సంగతి తెలిసిన మరునాడే మా తమ్ముడు తివాచీ పీకి పారేసి వినైల్ పలకలు తెప్పించాడు. నేల బాగు చేస్తాను, అమ్మ ఇక్కడే వుంటుంది అని దాని అర్థం. ఆ పలకల పెట్టెలు హాల్లో దొంతరగా పేర్చి వుండగా నేను పెట్టె పుచ్చుకుని గుమ్మంలో దిగాను.

ఇంతకీ ఆ పొయ్యిని తెలుగులో ఏమనాలి? వృత్తి దోషం, నాకు మొదట వచ్చిన సందేహం అదే. వాళ్లు దాన్ని ఫైర్ ప్లేస్ అంటారు. అది వంట పొయ్యి కాదు. కుంపటి అందామంటే కుంపటిని ఎత్తి ఎక్కడైనా పెట్టుకోవచ్చు, దీన్ని పెట్టలేము. నెగడు ఆరుబయట వేసేది. గోడలో గూడులా కట్టి, పైన పొగగొట్టం పెట్టి, లోపల దుంగలు కాలుస్తారు గనక నేను "గోడపొయ్యి" అన్నాను. మా తమ్ముడి కూతురు, పదకొండేళ్ల పిల్ల, "పెదనాన్నా, వాల్ స్టవ్వా?" అని పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వింది గాని మూడు రోజుల తరువాత తనూ ఆ మాటే వాడింది.

ఆ ఇల్లు 1962లో కట్టినది. ఇప్పుడు ఇంటిని వెచ్చబెట్టే పని గ్యాసు యంత్రానిది. గోడపొయ్యి వేడిలో చాలాభాగం పొగగొట్టం గుండా ఆకాశానికే పోతుంది. అయినా చలి రోజుల్లో దాన్ని రాజేస్తారు. ఎందుకంటే నిప్పు ముందు కూర్చోవడం వేరు, గోడలోంచి వచ్చే వెచ్చటి గాలికి కూర్చోవడం వేరు. మా అమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుంటుందట. అరవై ఏళ్లు పొయ్యి ముందు కూర్చున్న మనిషి మరెక్కడ కూర్చుంటుంది?

పొయ్యి ముందు నల్లటి స్లేటు రాయి పరిచి వుంది. నేల కన్న ముప్పావు అంగుళం ఎత్తు. ఇదివరకు మెత్తటి తివాచీ, దాని కింద మెత్త కలిసి ఆ ఎత్తుకు సమానంగా వుండేవి. తివాచీని పట్టి వుంచడానికి రాయి చుట్టూ చిన్న చిన్న మేకులున్న చెక్కపట్టీలు కొడతారు. ఏళ్లు గడిచి తివాచీ అంచు ఆ మేకుల నుంచి ఊడి పైకి లేచింది. అదే అమ్మ కాలికి తగిలినది. తివాచీ పీకేసిన తరువాత కింద మామూలు చెక్క నేల బయటపడింది. మా తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ కాలపు ఇళ్లలో తివాచీ కింద తొమ్మిదంగుళాల చదరపు బిళ్లలు కనిపించడం మామూలు. అప్పట్లో వాటిలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. అటువంటివి కనిపిస్తే గీకడం, పగలగొట్టడం, అరగదీయడం పనికిరాదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. పరీక్షకు పంపి, చెక్కు చెదరకుండా వుంటే అల్లాగే వుంచి పైన కప్పుకోవడం మేలు. నిజానికి పక్క నడవలో అటువంటివి నాలుగు వరసలు వున్నాయి. వాటి జోలికి మేము పోలేదు.

ఇక వినైల్ సంగతి. ఇది మనకు కొత్తది కాదు. మన ఊళ్లలో చాపలా చుట్టి అమ్మే పూల పూల ప్లాస్టిక్ పరుపు నేల మీరు చూసే వుంటారు. అంతకు ముందు లినోలియం వుండేది. 1860 ప్రాంతాల ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసె నూనెను గాలికి గట్టిపడేట్టు చేసి దాన్ని తయారు చేశాడు. పేరు కూడా లాటిన్‌లో అవిసె, నూనె అనే రెండు మాటల సమాసమే. వినైల్ పుట్టింది మాత్రం మా తమ్ముడి ఇంటికి కారులో గంట దారిలోనే. ఆక్రన్ అనే ఊళ్లో, గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో, 1926లో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతున్నాడు. జిగురు దొరకలేదు గాని, ఎందుకూ పనికిరాదనుకున్న పి.వి.సి. అనే పదార్థం ఆయన చేతిలో వంగే గుణం తెచ్చుకుంది. 1933లో చికాగో ప్రదర్శనలో వినైల్ బిళ్లల నేల జనానికి చూపించారు. సెమన్‌గారు నూరేళ్లు నిండా బతికి 1999లో పోయారు. అమ్మకు ఈ కథ చెప్పాను. "ఒకటి వెతుక్కుంటే మరొకటి దొరికిందన్నమాట" అని, మెంతికూర గిన్నె పక్కకు పెట్టి, "కాఫీ తాగుతావా?" అన్నది.

ఇప్పటి పలకల్లో సున్నపురాతి పొడి కలుపుతారు. పైన చెక్క బొమ్మ అచ్చు వేసి వుంటుంది, దూరం నుంచి చూస్తే నిజం టేకు పలకే అనుకుంటాము. ఒక అంచున నాలుక, రెండో అంచున గాడి. మేకు లేదు, జిగురు లేదు. ఒకదాని గాడిలో మరోదాని నాలుక దూర్చి వంచితే టక్కుమని కూచుంటుంది. మొత్తం నేల ఒకే చాపలా కింది నేల మీద తేలుతూ వుంటుంది. అందుకే గోడల దగ్గర చుట్టూ పావంగుళం ఖాళీ విడవాలి. వేడికి అది పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. ఖాళీ లేకపోతే పెరగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది. పెట్టెలు తెచ్చిన తరువాత కూడా రెండు రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టి, గది వేడికి అలవాటు పడనివ్వాలి. ఆ రెండు రోజులూ నేనూ, ఆ పెట్టెలూ ఒకే హాల్లో పడుకున్నాము.

వేడికి పెరిగే వస్తువును నిప్పు పక్కన పరచడం ఎల్లాగ? ఇదీ అసలు ప్రశ్న. వినైల్ చప్పున మంట అందుకోదు గాని మెత్తబడుతుంది, రంగు మారుతుంది, నల్లగా మాడుతుంది. మాడితే వచ్చే పొగ గొంతునూ కళ్లనూ మండించే ఆమ్లపు పొగ. దుంగలు కాలేటప్పుడు చిటపటలాడి నిప్పు కణిక ఎగిరి పడితే మచ్చ ఖాయం. పలకల పెట్టెలో పెట్టిన కాగితంలో, పలక ఉపరితలం 85 డిగ్రీల ఫారన్‌హీటు దాటనివ్వవద్దని అచ్చు వేశారు, మన లెక్కలో 29 డిగ్రీలు. ఆ మాట చదివి నేను నవ్వుకున్నాను. మే నెలలో మా ఊళ్లో ఆ నేల పరిస్తే తెల్లవారుఝామున తప్ప నిబంధన ఉల్లంఘనే.

అమెరికాలో ఇప్పుడు కొత్తగా కట్టే ఇళ్లకు చాలా చోట్ల పాటించే నియమావళి ఒకటి వుంది. పొయ్యి నోరు ఆరు చదరపు అడుగుల లోపు వుంటే, దాని ముందు 16 అంగుళాలు, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు కాలని రాయో, ఇటుకో వుండాలి. ఆరు అడుగులు, అంతకు మించి వుంటే ముందు 20, పక్కలు పన్నెండేసి. మా తమ్ముడి ఇంట్లో రాయి కొలిచాను. ముందు 16, పక్కలు ఎనిమిది. "చూశావా, సరిగ్గా వుంది" అన్నాడు వాడు. పొయ్యి నోరు కూడా కొలువు అన్నాను. మూడడుగుల వెడల్పు, రెండడుగుల నాలుగంగుళాల ఎత్తు. గుణిస్తే ఏడు చదరపు అడుగులు.

"పాత ఇళ్లకు ఆ రూలు వర్తించదు అన్నయ్యా. అరవై ఏళ్లుగా ఇల్లాగే వుంది."

"అరవై ఏళ్లుగా అక్కడ వున్నది వినైల్ కాదుగా!"

"తివాచీ ఇంకా తొందరగా అంటుకుంటుంది. ఏమయింది?"

"అమ్మ పడింది."

ఈ మాట అనకుండా వుండవలసింది. వాడు టేపు చుట్టి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. మా మరదలు వంటింట్లోంచి వచ్చి, "బావగారూ, ఆ రాత్రి ఆస్పత్రిలో తెల్లవార్లూ నిలబడే వున్నారండీ, కూర్చోమన్నా కూర్చోలేదు" అని మాత్రం అని లోపలికి వెళ్లింది.

అమ్మ కుర్చీలోంచి లేచి రాయి దగ్గరికి వచ్చింది. అరచెయ్యి నేల మీద పెట్టి రాయి అంచు నుంచి కొలిచినట్టు జరిపింది. మా పాత ఇంట్లో వంటగది తాటాకు కప్పు. పొయ్యి గడ్డ చుట్టూ మూరెడు మేర మట్టి అలికి వుండేది, అక్కడికి చాప గాని, చీపురు గాని, పిడకల గంప గాని రానిచ్చేది కాదు నాయనమ్మ. "ఇక్కడ ఇంకో నాలుగు వేళ్లు వెయ్యండిరా రాయి. నిప్పుకు చోటివ్వడానికి పిసినారితనమా?" అన్నది. ఆవిడ నాలుగు వేళ్లు అన్నది, నియమావళి నాలుగు అంగుళాలు అన్నది. పెద్ద తేడా లేదు. తమ్ముడు ఆ సాయంత్రమే కారు తీసుకుని వెళ్లి స్లేటు పలకలు, సిమెంటు బోర్డు, గచ్చు పొడి తెచ్చాడు.

రాయికి మూడు పక్కలా నాలుగంగుళాల వెడల్పున సిమెంటు బోర్డు పరిచి, దాని మీద స్లేటు పలకలు గచ్చుతో అతికించాము. రెండూ కలిసి సరిగ్గా పాత రాతి ఎత్తుకు వచ్చాయి. నిక్కచ్చిగా చెప్పాలంటే నియమావళి కోరేది రెండంగుళాల మందపు రాతి కట్టడం, మాది అది కాదు. అయినా వినైల్‌ను నాలుగంగుళాలు వెనక్కి నెట్టాము. ఒక రాత్రి ఆరనిచ్చాము.

ఇప్పుడు పలకలు. ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి, చేసేవారు మళ్లీ చెయ్యకుండా. పొగగొట్టపు గోడ గదిలోకి పొడుచుకు వచ్చి వుంటుంది గనక దానికి కుడి ఎడమల రెండు గూళ్లలాటి చోట్లు మిగులుతాయి. కుడి గూడు తమ్ముడిది, ఎడమ గూడు నాది. ఇద్దరమూ వెనక గోడ దగ్గర పావంగుళం ఖాళీ విడిచి మొదలు పెట్టి, వరస తరువాత వరస ముందుకు వచ్చాము. పోటీ వుందని ఎవరమూ అనలేదు గాని వుంది. ఆరు వరసలు అయేసరికి ఇద్దరమూ రాయి దాటి ముందుకు వచ్చాము. ఇక ఏడో వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే తీరుగా వెళ్లి రెండు వైపులనూ కలపాలి. నా వైపు టక్కుమన్నది. వాడి వైపు నోరు తెరుచుకుంది. పావంగుళంలో సగం. వాడి వైపు నొక్కితే నా వైపు తెరుచుకుంటుంది. సంధి కుదరలేదు. ఆగమం లేదు, ఆదేశం లేదు, లోపం మాత్రం వుంది.

"నీ గోడ వంకర" అన్నాను.

"నీ కొలత వంకర" అన్నాడు. తరువాత సుత్తి కింద పెట్టి, "నీకు ఇది అలవాటే అన్నయ్యా. అంతా అయిన తరువాత వచ్చి తప్పు ఎక్కడుందో చెబుతావు" అన్నాడు.

"అంతా అయిన తరువాత వచ్చిందెవరు? నాన్న పోయినప్పుడు నువ్వు వచ్చింది పదకొండో రోజుకి."

పాప సుద్దముక్క చేత్తో పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తున్నది. ఆ పిల్ల ముందు ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా వుంది. ఆ పదకొండు రోజులూ వాడు ఎన్ని విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డాడో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అమ్మే అన్నది.

"ఇద్దరూ గోడను నమ్మారు. గోడను నమ్మి ఎవరయినా నేల పరుస్తారుట్రా? మన ఇంటికి నాపరాళ్లు పరిచినప్పుడు మేస్త్రి మొదట ఏం చేశాడు? నడిమధ్య నూలుతాడు లాగి కట్టాడు. దాన్ని పట్టుకుని అటూ ఇటూ పోయాడు. పీకండి అంతా."

పీకాము. పలకలకు ఈ సుఖం వుంది, జిగురు లేదు గనక వంచితే ఊడి వస్తాయి. జాజు లేదు గనక నీలం సుద్దపొడి పూసిన దారం పట్టుకుని, పాప ఒక చివర, నేను ఒక చివర, తమ్ముడు మధ్యలో లాగి వదిలాడు. రాతి ముందు, గోడ నుంచి గోడకు, తిన్నని నీలి గీత పడింది. ముందు ఆ గీత వెంట పొడుగు వరస వేశాము, తమ్ముడూ నేనూ పక్కపక్కన కూర్చుని. ఆ వరసను పట్టుకుని వెనక్కి, రెండు గూళ్లలోకి పోయాము. వెనక్కి వేయడం కొంచెం కష్టం, నాలుకను గాడి కిందకి దూర్చి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తట్టాలి. కాని వంకర గోడల తేడా అంతా వెనక మూలకు పోయింది, అక్కడ అంచుపట్టీ కింద దాగిపోయింది. రెండు పక్కలూ ఒకే వరసలోంచి పుట్టినవి గనక వాటి మధ్య తగవు రాలేదు. ఎదురెదురు వరసల అతుకులు ఒకే చోట పడకుండా కనీసం ఎనిమిదంగుళాలయినా ఎడం వుంచాలి సుమండీ. అది మరిచిపోయి ఒకచోట మళ్లీ ఊడదీశాము.

ఇటుకల దగ్గర కోత ఒక శిల్పం. ఇటుక అంచు తిన్నగా వుండదు, ఇటుకకూ ఇటుకకూ మధ్య గాడి వుంటుంది. దానికి దువ్వెన వంటి పనిముట్టు ఒకటి దొరుకుతుంది. గోడకు ఆనించి నొక్కితే దాని పళ్లు గోడ ఆకారాన లోపలికి పోతాయి. ఆ ఆకారాన్ని పలక మీద పెన్సిలుతో దించుకుని కోయాలి. అది తోచక ముందు నేను పాత పెట్టె అట్టముక్క కత్తిరించి నమూనా చేశాను, అదీ బాగానే పనిచేసింది. అట్ట తప్పు కోస్తే పోయేది అట్ట. పలక తప్పు కోస్తే డబ్బు. అయినా ఒక పలకను నేను తలకిందులుగా పెట్టి గీసి, కుడికి ఎడమ కోశాను. తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఆ అనకపోవడం నేను గమనించాను.

రాతి అంచు దగ్గర అర అంగుళం మెట్టు మిగిలింది. ఎవరి కోసం ఈ పనంతా చేస్తున్నామో వారి కాలికే మళ్లీ తగిలే మెట్టు. అక్కడ రెండంగుళాల వెడల్పున వాలుగా దిగే పట్టీ పెట్టాము. దాని విషయంలో ఒకటే జాగ్రత్త. పట్టీని కింది నేలకు బిగించాలి, పలకకు కాదు. పలక ఆ పట్టీ కింద స్వేచ్ఛగా జరగాలి. కదలకుండా వుండాలని పలకలోకి ఒక్క మేకు కొట్టినా, ఆ మేకు దగ్గర నేల కట్టుబడిపోయి, వేడి తగిలినప్పుడు మరోచోట లేస్తుంది. ఇటుకను పలక తాకేచోట కూడా పావంగుళం వదిలి, సాగే గుణం వున్న మెత్తటి పూత నింపాము. మామూలు గచ్చు పూస్తే ఒక్క చలికాలానికి బీటలు వారుతుంది.

నాలుగో రోజు రాత్రికి పని ముగిసింది. మే మొదటి వారమయినా ఈరీ సరస్సు మీదినుంచి చలిగాలి కొడుతున్నది. తమ్ముడు రెండు దుంగలు రాజేశాడు. అమ్మ కొత్త నేల మీద చెప్పులు లేకుండా నడిచింది. వాలు పట్టీ మీద పాదం పెట్టి, ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి చూసింది. తరువాత పీట వేసుకుని కూర్చుని, నిప్పుకేసి చూస్తూ అన్నది.

"ఒకడు టిక్కెట్టు కొన్నాడు. ఒకడు నేల కొన్నాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు."

ఇద్దరమూ తలలు వంచుకున్నాము. ఏభై ఏళ్లకు దగ్గర పడుతున్నవాళ్లం, ఇద్దరికీ జుట్టు నెరిసింది. తమ్ముడే ముందు అడిగాడు.

"నీకెక్కడ వుండాలని వుందమ్మా?"

అమ్మ వెంటనే చెప్పలేదు. దుంగ ఒకటి కూలి నిప్పు కణిక ఎగిరి, కొత్తగా వేసిన స్లేటు పలక మీద పడి, నల్లబడి ఆరిపోయింది. ముగ్గురమూ దాన్నే చూశాము.

"చలికాలం ఈ నేల మీద నడిచి చూడాలిరా. ఇంత పని చేసి నన్ను విమానం ఎక్కిస్తే ఈ పిల్ల ఒక్కతే కూర్చోవాలి ఇక్కడ. ఆవకాయ వేళకు వస్తాను. అక్కడ కాయ కొట్టే కత్తిపీట వుందా, అమ్మేశావా?"

వుంది అన్నాను. రెండో టిక్కెట్టు వెనక్కి ఇస్తే సగం డబ్బే వచ్చింది. నాకు కష్టం కలగలేదంటే అబద్ధం. ఖాళీ సీటు పక్కన అన్ని గంటలు ప్రయాణం చేశాను.

అక్టోబరులో వాళ్లు మొదటిసారిగా రాత్రి పొద్దుపోయేదాకా పొయ్యి కాల్చారు. మరునాడు తమ్ముడు ఫోను చేశాడు. గురిపెడితే వేడి చెప్పే తుపాకీ వంటి ఉష్ణమాపకం కొని తెచ్చి, రాతికి అన్నిటికన్న దగ్గరగా వున్న పలకకు గురిపెట్టి చూశాడట. 74 డిగ్రీలు. అమ్మ ఫోను లాక్కుని, "చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా కూడా లేదు. మీ పావంగుళాలు ఎక్కడివి అక్కడే వున్నాయి" అన్నది.

మిగిలిన పలకల పెట్టె ఒకటి పారేయకుండా దాచమని వాడికి చెప్పి వచ్చాను, ఎందుకంటే మళ్లీ కొందామంటే అదే రంగు అదే అచ్చు దొరకదు. దాచాడట. నేను కుడికి ఎడమ కోసిన పలక మాత్రం అందులో లేదు. చలికి తులసి కుండీని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టారు. దాని కింద ఆ ముక్క వేసుకుంది అమ్మ. నీళ్లు కారినా చెక్కు చెదరలేదట.